ముందు అన్నం అడిగినవాడు

మార్చి 3

ఇవాళ కొట్లో బావ నా పరువు తీశాడు. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను. ఇంకొకడైతే త్రాసు తీసి నెత్తిన పెట్టేవాణ్ణి.

జ్వరంపడి లేచిన కొడుకు కోసం ఒకావిడ వచ్చింది. ఒంటికి పట్టే వస్తువేదైనా ఇమ్మంది. గుమ్మం ఎక్కగానే తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చింది, కళ్ళున్న మనిషి. గుప్పెడు బాదంపప్పు తీసి ఆవిడ అరచేతిలో పోశాను. ఇందులో ఉన్నన్ని మాంసకృత్తులు, ఇందులో ఉన్నంత మంచి కొవ్వు, ఇ విటమిన్ ఇంకెక్కడా దొరకవమ్మా అని చెబుతూనే ఉన్నాను. అవతలి బల్ల వెనక నుంచి బావ గొంతు సవరించుకున్నాడు.

"జ్వరం పడ్డ కడుపుకి ఆ రాళ్ళెందుకమ్మా? ఇటు రండి. పచ్చి బఠానీ, మెత్తగా ఉడికించి డబ్బాలో పెట్టింది. పీచుంది, ఎ విటమిన్ ఉంది, సి విటమిన్ ఉంది. మా బావమరిది పప్పులో సి విటమిన్ ఎంతుందో ఓసారి అడగండి."

ఆవిడ అడిగింది. నేను సున్నా అని చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత నాకు ఒళ్ళు తెలియలేదు. డబ్బా తెరిస్తే సగం నీళ్ళేనని, గిన్నెడు బఠానీ తిన్నా నా గుప్పెడు పప్పుకి చాలదని అరిచాను. అతను బాదం తిని బతికినవాణ్ణి చూపించమన్నాడు. నేను డబ్బా తిని బాగుపడినవాణ్ణి చూపించమన్నాను. ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, నా పప్పు నా బల్లమీదే పెట్టేసి, పక్క కొట్లో గుడ్లు కొనుక్కుని వెళ్ళిపోయింది. ఎదురు కొట్లో దర్జీ నవ్విన నవ్వుకి అతని కుట్టుమిషను కూడా ఆగిపోయింది.

నాన్న పోయాక కొట్టును నిట్టనిలువునా చీల్చుకున్నప్పుడే తప్పు జరిగింది. ఎడమవైపు అతని డబ్బాలు, కుడివైపు నా పప్పులు, గుమ్మం ఒకటే. వీధివైపున్న అద్దాల అలమరలో సగం సగం. సగం అలమర ఎవడికి కావాలి? మొత్తం నాదై ఉండాల్సింది. నేను కొడుకుని. అతను అల్లుడు.

మార్చి 4

తాడో పేడో తేల్చేశాం.

భోజనాల బల్ల దగ్గర మొదలైంది. బావ నిన్నటి సంగతి అక్కకి నవ్వుతూ చెబుతున్నాడు, నా గొంతును అనుకరిస్తూ. ఆ అనుకరణ లేకపోతే నేనూ ఊరుకునేవాణ్ణేమో. ముద్ద పళ్ళెంలోనే వదిలేసి, "అంత బలమైన బఠానీ అయితే అదొక్కటే తిని బతుకు బావా, చూస్తాను" అన్నాను.

"నువ్వు నీ బాదంపప్పుతో బతుకుతావేంటి?"

"రాజాలా బతుకుతా."

"అయితే రేపట్నుంచే. నీకు బాదం, నాకు బఠానీ, ఇద్దరికీ మంచినీళ్ళు. ఇంకేదీ నోట్లో పడకూడదు. మీ అక్కను ముందుగా అన్నం అడిగినవాడు ఓడిపోయినట్టు. ఓడినవాడు అద్దాల అలమర మొత్తం ఖాళీచేసి, వెనక గోడౌన్ పక్కన బల్ల వేసుకోవాలి. ఏమంటావు?"

సరేనన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

అక్క గరిట పట్టుకుని అలాగే నిలబడింది. "మీ ఇద్దరికీ మతిపోయిందా? ఇన్నేళ్ళొచ్చాయి, ఇదేం ఆటలు?" అంది. మేమిద్దరం ఆ మాట వినిపించుకోలేదు. దర్జీని పెద్దమనిషిగా పెట్టుకున్నాం. వారానికోసారి టేపు పెట్టి ఇద్దరి నడుమూ, ఛాతీ, జబ్బలూ కొలుస్తాడట. బట్టలు కుట్టడానికి కాకుండా మనుషుల్ని కొలవడం తన బతుకులో ఇదే మొదటిసారన్నాడు.

మార్చి 5

బాదం. బాదం. బాదం. హాయిగా ఉంది.

మార్చి 7

ఒక చిన్న ఇబ్బంది ఉంది, ఇక్కడ రాసుకుంటే పోయేదేం లేదు. ఆరేళ్ళ కిందట నాకు మూత్రపిండంలో రాయి వచ్చింది. నేలమీద పడి దొర్లాను. అప్పుడు డాక్టరు బాదం, జీడిపప్పు లాంటివి బాగా తగ్గించమన్నాడు, నీళ్ళు మాత్రం చెంబులకు చెంబులు తాగమన్నాడు. బాదం అమ్ముకునేవాడికి బాదం పడదని ఊరికి తెలిస్తే ఇంకేమైనా ఉందా? అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు, బావతో కూడా నడుము పట్టేసిందనే అన్నాం. అక్క నోరు విప్పే మనిషి కాదు. అయినా ఆ రాయి ఎప్పుడో పోయింది. నీళ్ళు దండిగా తాగుతున్నాను. ఏమీ కాదు.

బల్ల దగ్గర తమాషాగా ఉంటోంది. ఇటు నేను గిన్నెలో పప్పులు పోసుకుని కటకటా నములుతాను. అటు బావ డబ్బా మూత తెరిచి, అందులోని నీళ్ళు తొట్టిలో వంచేసి, బఠానీలను కొళాయి కింద కడుక్కుని చెంచాతో తింటాడు. మధ్యలో అక్క తనకోసం వండుకున్నది తాను తింటుంది. మొదటిరోజు అలవాటుకొద్దీ ముగ్గురికీ వండింది. మిగిలింది మర్నాడు తనే తింది. ఇవాళ చిన్న గిన్నె తీసింది. ఇంట్లో అంత చిన్న గిన్నె ఉందని నాకు తెలియదు.

మార్చి 8

దర్జీ కొలిచాడు. నా నడుము తగ్గింది, జబ్బ తగ్గలేదు. బావకి రెండూ తగ్గాయి. దర్జీ టేపు మెళ్ళో వేసుకుంటూ, "బాబూ, మీ బావగారి చొక్కాలు రెండు నాకు పంపండి, కాస్త లోపలికి వేసిస్తాను" అన్నాడు. నాకు రోజంతా ఆ మాటతో కడుపు నిండిపోయింది.

బలం లెక్క తీస్తే ఇది నిన్ననే తేలిపోవాలి. ఎంతకంతే తూచి చూస్తే నా పప్పులో మాంసకృత్తులు అతని బఠానీకి నాలుగైదు రెట్లు, శక్తి ఎనిమిది రెట్లకు పైమాటే. బావకి ఆ సంగతి తెలుసు. అందుకే రోజుకి అన్నేసి డబ్బాలు ఖాళీచేస్తున్నాడు. తూకం కాదు, కడుపు నిండటం ముఖ్యమంటాడు. దూడకి కూడా కడుపు నిండుతుంది.

మార్చి 11

మధ్యాహ్నం బావ సరుకు కోసం వెళ్ళినప్పుడు అక్క కొట్టుకి వచ్చింది. ఎప్పుడూ రాదు. నా బల్ల ముందు కొనేవాళ్ళలాగా నిలబడింది.

"తమ్ముడూ, ఒక మాట చెబుతాను, మీ బావకి నేను చెప్పానని తెలియనివ్వకు."

"చెప్పు."

"ఆయనకి బీపీ. చాలా ఎక్కువ. పోయిన ఏడాది నుంచి మాత్రలు వాడుతున్నారు. డాక్టరు ఉప్పు ముట్టుకోవద్దన్నాడు. ఆ డబ్బాలన్నీ ఉప్పునీళ్ళే కదా. కడుక్కుని తింటున్నారు కాబట్టి కాస్త నయం. అయినా ఎన్ని రోజులు? డబ్బాలు అమ్ముకునే మనిషి ఉప్పు తినకూడదంటే నలుగురూ ఏమనుకుంటారోనని నీక్కూడా చెప్పలేదు. నువ్వు చిన్నవాడివి, నువ్వు తగ్గితే తప్పులేదురా. ఇవాళ రాత్రి ఒక్క ముద్ద అడుగు. నేనెవరికీ చెప్పను. పందెం వాళ్ళే మానేశారని దర్జీతో నేనే అంటాను."

ఆలోచిస్తానన్నాను. వెళుతూ వెళుతూ నా బల్లమీది దుమ్ము చీర కొంగుతో తుడిచింది. చిన్నప్పుడు నా మొహం కూడా అలాగే తుడిచేది.

అక్క మీద నాకు జాలి లేక కాదు.

మార్చి 12

ఆలోచించాను. నేనెందుకు తగ్గాలి? బీపీ ఉన్నవాడు పందెం వేయకూడదు. వేసిన తర్వాత బీపీ ఉందని ఇంటావిడను పంపకూడదు. అసలు పంపింది అతనేనేమో, ఎవరు చూడొచ్చారు?

అలమర మొత్తం నా సీసాలతో నింపితే సాయంత్రం ఎండ పడి ఎలా మెరుస్తుందో ఊహించుకుంటూ కూర్చున్నాను.

మార్చి 13

ఇవాళ ఒక న్యాయమైన విషయం లేవనెత్తాను. ఇందులో బీపీ గొడవేమీ లేదు, కేవలం పోషకాల లెక్క. ఎవరైనా ఒప్పుకునే విషయమే.

డబ్బాలో కూరగాయ ఉడికినప్పుడు నీళ్ళలో కరిగే విటమిన్లు, ఆ సి విటమిన్‌తో సహా, కొంత ఆ నీళ్ళలోకి దిగిపోతాయి. బావ ఆ నీళ్ళు తొట్టిలో పోసి, పైగా కొళాయి కింద కడిగి తింటున్నాడు. అంటే అతను తినేది డబ్బా బఠానీ కాదు, అందులో మిగిలిన పిప్పి. నేను బాదం తొక్కతో సహా తింటున్నాను కదా? అతను డబ్బా నీళ్ళతో సహా తినాలి. ఈ మాట దర్జీ ముందు పెట్టాను.

దర్జీ బుర్ర గోక్కుని, "వినడానికి సబబుగానే ఉంది" అన్నాడు.

బావ ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలి. చెబితే బీపీ అని చెప్పాలి. ఆ ఇరుకు అతని మొహంలో కనబడుతోంది. నాకు లోపల ఎక్కడో చల్లగా ఉంది, నిజం రాసుకోవాలి కదా.

"నీళ్ళేం ఖర్మ, డబ్బా కూడా నమిలి మింగుతాను" అన్నాడు చివరికి. అక్కడికక్కడే ఒక డబ్బా తెరిచి, మూతి ఆనించి గటగటా తాగేశాడు. మగాడు. అది మాత్రం ఒప్పుకోవాలి.

అక్క రాత్రి నాతో మాట్లాడలేదు. నా గది దీపం తీసేసి వెళ్ళింది, నేను ఇంకా చదువుకుంటూండగానే.

మార్చి 15

బావ తక్కువవాడేం కాదు. ఇవాళ అతను ఒక మెలిక పెట్టాడు.

"నేను మంచినీళ్ళు దాదాపు ముట్టుకోవడం లేదు, నాకు డబ్బాలో నీళ్ళే సరిపోతున్నాయి. మా బావమరిది మాత్రం చెంబులకు చెంబులు తాగి కడుపు ఉబ్బించుకుంటున్నాడు. అది బాదం బలమా, నీళ్ళ బలమా? న్యాయమంటే ఇద్దరికీ ఒకటే. పూటకో గ్లాసు" అన్నాడు, దర్జీ ముందే, నా మాటలు నాకే అప్పజెబుతూ.

ఏమని కాదనను? రాయి సంగతి చెప్పలేను కదా. ఒప్పుకున్నాను. మనిషి పిచ్చివాడు, నీళ్ళు తగ్గిస్తే నేను బెదిరిపోతానని అనుకుంటున్నాడు పాపం. ఎక్కడ కొడితే తగులుతుందో తెలియకుండా చీకట్లో కర్ర విసిరాడు.

గ్లాసు కూడా అతనే తెచ్చాడు. చిన్నది. నా ముందు పెడుతూ ఎందుకో మెత్తగా నవ్వాడు.

మార్చి 16

నోరంతా రంపపు పొట్టు.

మార్చి 18

బావ మొహం ఉబ్బింది. కళ్ళకింద సంచులు దిగాయి. కాళ్ళకి చెప్పులు పట్టడం లేదని మడమ తొక్కి నడుస్తున్నాడు. డబ్బాలు పేర్చేటప్పుడు రెండుసార్లు తల పట్టుకుని ఆగాడు. "ఏం బావా, బఠానీ తలకెక్కిందా?" అన్నాను. "నీ మొహం చూస్తే ఎవరికైనా తలనొప్పి వస్తుంది" అన్నాడు. కొనేవాళ్ళు నవ్వారు. మా ఇద్దరి మాటలు వినడానికే జనం వస్తున్నారు ఈ మధ్య. అమ్మకాలు పెరిగాయి.

అక్క వంట మానేసింది. పొయ్యి వెలిగించడం లేదు. పక్క కొట్లో రొట్టె కొనుక్కుని టీలో ముంచుకుని తింటోంది. వంటగది శుభ్రంగా ఉంది. ఎంత శుభ్రంగా అంటే, అందులోకి వెళితే ఎవరో ఇల్లు ఖాళీచేసి వెళ్ళినట్టుంది.

"అన్నం వండవేంటి?" అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. అది కూడా అడిగినట్టే లెక్క అవుతుందేమో. ఎందుకొచ్చిన గొడవ.

మార్చి 20

కుడివైపు నడుములో కొంచెం. పడుకున్న తీరు బాగాలేక.

మార్చి 22

కొలతల రోజు. దర్జీ బావ నడుముకి టేపు వేసి, కొలత చదవకుండానే తీసేశాడు. "అయ్యా, ఇది చాలు. నేను పెద్దమనిషిగా ఉండను. మీ ఇద్దరూ గెలిచారు, ఇంటికెళ్ళి తినండి" అన్నాడు.

"ఇద్దరూ గెలవడం అంటూ ఉండదు" అన్నాను నేను.

"ఉండదు" అన్నాడు బావ.

చాలా రోజుల తర్వాత ఒక విషయంలో ఇద్దరం ఏకమయ్యాం.

మధ్యాహ్నం బల్ల దగ్గర అతను డబ్బా అడుగున కొన్ని నీళ్ళు వదిలేశాడు. డబ్బాను నెమ్మదిగా పక్కకు జరిపాడు, నేను చూడనట్టే. నేను లేచి, ఆ నీళ్ళు అతని గ్లాసులోకి వంచి, గ్లాసు అతని ముందు పెట్టాను. "మిగిల్చావు బావా. విటమిన్లన్నీ ఇందులోనే ఉన్నాయి."

తాగాడు. గ్లాసు కింద పెడుతూ గురి తప్పి పళ్ళెంమీద పెట్టాడు.

అక్క చూసింది. రొట్టె ముక్క టీలో మునిగి విరిగిపోయింది. అది చెంచాతో తీసుకోలేదు, అలాగే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నాకు నచ్చలేదు. నేనేం విషం పోశానా? నీళ్ళు. అతని డబ్బాలోవే. అతను అమ్ముకునేవే.

మార్చి 24

నొప్పి. అదే నొప్పి. ఆరేళ్ళ కిందటిదే, ఇంటి అడ్రసు మర్చిపోకుండా వచ్చింది.

మిట్టమధ్యాహ్నం గోడౌన్‌లో బస్తాల మీద బోర్లా పడి, గోనెసంచి అంచు పళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాను. కేక వినబడితే అంతే సంగతి. తలుపు దగ్గర నీడ పడింది. బావ. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో నిండు చెంబు పట్టుకుని నిలబడ్డాడు. చెంబులోంచి నీళ్ళు అంచు దాటి అతని పాదాలమీద కారుతున్నాయి.

"దాహంగా ఉందా బావమరిదీ?"

నేను గోనె అంచు ఇంకా గట్టిగా కరుచుకున్నాను.

"అక్కను అన్నం అడుగు. చెంబెడు తాగేయొచ్చు. ఇంకో చెంబు నేనే తెచ్చిస్తాను."

"నడుము పట్టేసింది, అంతే" అన్నాను.

"అవునా. నడుమేనా?" అని చెంబు అక్కడే గుమ్మంలో వంచేశాడు. నీళ్ళు నా వైపు పారుకుంటూ వచ్చాయి. బస్తాలు తడుస్తాయన్న ధ్యాస కూడా లేదు మనిషికి.

అతనికి నేనేం అన్యాయం చేశానని ఇంత కసి? ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు.

మార్చి 26

బావ పడిపోయాడు.

కొట్లోనే. అలమరలో డబ్బాలు సర్దుతున్నాడు. ఒక డబ్బా చేతిలోంచి జారింది. వంగి తీయబోయాడు, చెయ్యి దానిమీదికి వెళ్ళలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నా వైపు తిరిగి ఏదో అన్నాడు. నేను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను, మూతి అలా వంకరగా పెట్టి నన్ను అనుకరించడం అతనికి అలవాటే. నేనూ మూతి వంకర పెట్టి చూపించాను.

అప్పుడు కూలబడ్డాడు. దర్జీ రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు. నేను రాలేదా అంటే వచ్చాను. కొంచెం ఆలస్యంగా.

మార్చి 27

ఆస్పత్రి. కుడి చెయ్యి, కుడి కాలు రావడం లేదు. మాట లేదు. ప్రాణానికి భయం లేదన్నారు.

డాక్టరమ్మ అక్కను అడుగుతోంది, ఈ మధ్య ఏం తినేవారని. అక్క చెప్పింది. రోజుకి ఎన్ని డబ్బాలో, నీళ్ళతో సహా అని కూడా చెప్పింది. డాక్టరమ్మ రాసుకోవడం ఆపి, "ఇంత బీపీ ఉన్న మనిషి ఆ ఉప్పునీళ్ళు తాగారా? ఎవరూ చెప్పలేదా?" అంది.

"అందరికీ చెప్పాను" అంది అక్క.

వరండాలో బెంచీమీద ఇద్దరం కూర్చున్నాం. నడుము నొప్పితో నేను ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. అక్క నా వైపు చూడకుండానే అడిగింది.

"రాయేనా?"

"నీకెలా తెలుసు?"

"నువ్వు కూర్చున్న తీరు చూస్తే తెలియదా? అప్పుడు నీ పక్కన వారం రోజులు కూర్చున్నది నేనే కదా." కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "నీకు ఆయన బీపీ సంగతి చెప్పిన రోజే, ఆయనకి నీ రాయి సంగతి కూడా చెప్పాను."

నాకు ముందు అర్థం కాలేదు.

"ఆయనతో ఏమన్నానంటే, వాడికి బాదం పడదండీ, నీళ్ళు తక్కువైతే చచ్చిపోతాడు, మీరు పెద్దవారు, మీరు తగ్గండి అన్నాను. నీతో నువ్వు చిన్నవాడివి, నువ్వు తగ్గరా అన్నాను. ఎవరో ఒకరికి జాలి వేస్తుందనుకున్నాను. ఇద్దరూ ఒకేసారి అన్నం అడుగుతారేమోనని ఆ రాత్రి ముగ్గురికీ వండాను కూడా." ఇంకా నా వైపు చూడలేదు. "నువ్వు ఆయనచేత ఉప్పునీళ్ళు తాగించావు. ఆయన నీకు మంచినీళ్ళు ఆపారు. నేను చెప్పకుండా ఉంటే ఇద్దరూ బాగానే ఉండేవాళ్ళు."

ఏడవలేదు. ఏడిస్తే ఏదైనా అనేవాణ్ణి.

అంటే బావ అంతా తెలిసే చేశాడన్నమాట. ఆ చిన్న గ్లాసు. ఆ నవ్వు. ఆ చెంబు. తెలిసి తెలిసి సొంత బావమరిదిని అలా చంపుకుతినేవాడు మనిషేనా? నా ఒళ్ళు ఇంకా మండుతోంది.

మార్చి 29

నాకు స్కానింగ్ తీశారు. రాయి ఉంది. మందులిచ్చారు, నీళ్ళు బాగా తాగమన్నారు. తాగుతున్నాను. ఆస్పత్రి క్యాంటీన్‌లో రెండుపూటలా భోంచేస్తున్నాను. డబ్బిచ్చి కొనుక్కున్నది, అక్కను అడిగింది కాదు. కాబట్టి పందెం లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 5

బావను ఇంటికి తెచ్చాం. భోజనాల బల్ల కనబడేలా ముందుగదిలో మంచం వేశాం. అక్క చాలా రోజుల తర్వాత పొయ్యి వెలిగించింది. గంజి కాచింది, చెంచాతో పట్టింది. సగం గడ్డం మీదుగా కారింది. నేను మాత్రం ఇంకా బయట హోటల్లోనే తింటున్నాను, అక్కను అడగకుండా. దర్జీ రెండు దిండ్లు కుట్టి తెచ్చి ఇచ్చి, నాతో మాట్లాడకుండా వెళ్ళాడు. నేనేం చేశాను అతన్ని?

ఏప్రిల్ 9

ఇవాళ బావకి మాట వచ్చింది.

అక్క పొయ్యిమీద గిన్నె మూత తీసింది. ఆవిరి ముందుగదిలోకి వచ్చింది. బావ తల అటు తిప్పాడు. పెదవులు కదిలించి, చొంగ మింగి, మళ్ళీ కదిలించి, "అ... న్నం" అన్నాడు. డాక్టర్లు ఎన్నిసార్లు అడిగినా రాని మాట. అక్క గిన్నె మూత అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నారు? మళ్ళీ అనండి." మళ్ళీ అన్నాడు. అక్క అతని తల కడుపుకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అతనూ ఏడ్చాడు, సగం మొహంతో.

నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ఇది ఇంకెవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. నా గుండె ఎగిరి గంతేసింది. అడిగాడు. అక్కను, ముందుగా, తన నోటితో, రెండుసార్లు. నేనింకా అడగలేదు.

గెలిచాను.

ఏప్రిల్ 10

పొద్దున్నే వెళ్ళి అలమరలోంచి డబ్బాలన్నీ తీసేశాను. మొత్తం నా సీసాలు సర్దాను. సాయంత్రం ఎండ పడింది. బాగానే ఉంది. అనుకున్నంత మెరవలేదు గానీ బాగానే ఉంది. దర్జీ తన కిటికీ తలుపు వేసుకున్నాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాను. పందెం అయిపోయింది, ఇంక అందరితోపాటు తినొచ్చు. మూడు పళ్ళేలున్నాయి. అక్క ముందు బావకి కలిపి పెట్టుకుంది, తర్వాత తన పళ్ళెంలో వడ్డించుకుంది. నా పళ్ళెంలో గుప్పెడు బాదంపప్పు పోసింది. పక్కన ఆ చిన్న గ్లాసు పెట్టింది, నీళ్ళతో.

"ఇదేంటక్కా?"

"గెలిచావు కదా" అంది.

"పందెం అయిపోయింది."

"ఆయనది అయిపోయింది. ఆయన అడిగారు, పెట్టాను. నువ్వు అడిగావా?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలుకునేవాణ్ణి, అక్క కోపం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. గిన్నె నా ఎదురుగానే ఉంది, మూత తీసి ఉంది. అడిగితే పెడుతుంది. పెట్టదని కాదు. ముందుగదిలో దిండ్ల మీద ఆనుకుని బావ చూస్తున్నాడు. మూతి కొంచెం వంకరగా ఉంది. అది రోగమో, నవ్వో ఇక్కడి నుంచి తెలియడం లేదు.

అన్నం పెట్టు అక్కా. అంతే కదా. నోటిదాకా వచ్చింది.

ఒక పప్పు తీసి నోట్లో వేసుకున్నాను. అక్క తల వంచుకుని తన అన్నం తాను తిన్నది.

ఏప్రిల్ 11

కొళాయి దగ్గర కడుపునిండా నీళ్ళు తాగాను, ఎవరూ చూడకుండా. నడుము కుడివైపు మళ్ళీ.

ఏప్రిల్ 14

బావ ఎడమచేత్తో తినడం నేర్చుకుంటున్నాడు. అక్క నవ్వింది ఇవాళ, అతను మీసాలకి పూసుకుంటే. నేనూ నవ్వాను. ఇద్దరూ ఆగిపోయారు.

ఏప్రిల్ 20

ఇవాళ కూడా బాదమే.